చలికాలంలో అరకు: స్థలాల జాబితా కాకుండా పొలం పనులు చూడాలంటే ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

నాగావళి తీరం (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఈ చలికాలంలో మూడు రోజులు అరకు లోయలో గడపాలని అనుకుంటున్నాము. మేము నలుగురం: నేను, మావారు, 71 ఏళ్ళ మా అమ్మ, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి. మూడేళ్ళ క్రితం డిసెంబరులో ఒకసారి వెళ్ళాము గానీ, తెల్లవారకముందే బయలుదేరి ఒక్క రోజులోనే బొర్రా గుహలు, కటిక జలపాతం, గాలికొండ, కాఫీ మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ చుట్టేసి రాత్రికి ఇల్లు చేరుకున్నాము. ఆ ప్రయాణంలో మా అబ్బాయికి గుర్తున్నది ఘాట్ మలుపులో వాంతి చేసుకోవడం ఒక్కటే.

నాకు గుర్తున్నది వేరు. రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరబూసిన వలిసె చేను కనబడగానే, అందరిలాగే మేమూ కారు ఆపి, గట్టు దాటి లోపలికి వెళ్ళి ఫొటోలు దిగాము. బయటికి వస్తుంటే ఆ చేను తాలూకు పెద్దావిడ ఎదురయ్యారు. ఆవిడ తిట్టలేదు, డబ్బులు అడగలేదు; మేము నడిచిన దారి వెంబడే వంగి, ఒరిగిపోయిన మొక్కలను ఒక్కొక్కటిగా లేపి పక్క మొక్కకు ఆనిస్తూ వెళ్ళారు. వాటిలో కొన్ని మళ్ళీ వాలిపోయాయి. ఆ ఫొటోలు నేను ఇప్పటివరకు ఎవరికీ చూపించలేదు.

అందుకని ఈసారి చూసే చోట్లు తగ్గించుకుని, ఆ లోయలో చలికాలంలో రైతులు ఏ పనులు చేస్తారో వాటిని నిదానంగా చూడాలని ఉంది. పొగమంచు, వలిసె పూలు, కాఫీ కోత మూడూ ఒకేసారి దొరికే రోజులు ఉన్నాయా? కాఫీ పని జరిగే చోటికి మాబోటివాళ్ళు వెళితే వాళ్ళకు అడ్డం కాదా? అమ్మకు మోకాళ్ళ నొప్పులతో పాటు చలి గాలికి ఆయాసం వస్తుంది కనుక వంజంగి మేఘాల కొండ ఆలోచన మానుకోవలసిందేనా? సొంత కారులో రావడం మంచిదా, రైలు మంచిదా? తెలిసినవారు చెప్పగలరు.

కొండవాలు (అనంతగిరి మండలం)

మాకు రెండెకరాల కాఫీ తోట ఉంది కాబట్టి ఆ సంగతి నేను చెబుతాను. రోడ్డు సంగతి, వంజంగి సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

ముందుగా మంచు గురించి ఒక మాట. మీరు మంచు కోసం వస్తారు, మేము ఎండ కోసం చూస్తాము. మా కళ్ళం మీద కాఫీ ఆరుతున్న రోజుల్లో రాత్రి బయటికి వచ్చి ఆకాశంలో చుక్కలు స్పష్టంగా కనబడితే, తెల్లవారేసరికి లోయ నిండా మంచు దిగుతుందని మాకు అర్థమైపోతుంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడి అంతా పైకి పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంబడి జారి పల్లంలో నిలుస్తుంది, అందులోని తేమ మంచుగా కడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి మబ్బు పట్టిన రాత్రయితే చలీ తగ్గుతుంది, ఈ లోయ మంచూ ఉండదు. కొండలను మబ్బులు మాత్రం కమ్ముకుంటాయి. హోటల్ గదులు తీసుకున్నవారు ఆ రోజు నిరాశపడతారు. మేమూ నిరాశపడతాము, ఎందుకంటే ఎండ కూడా రాదు.

కాఫీ కోత నవంబరులో మొదలై జనవరి దాకా, కొన్ని తోటల్లో ఫిబ్రవరి దాకా సాగుతుంది. చెట్టు మీది పండ్లన్నీ ఒకేసారి పండవు. ఎర్రబడినవాటిని ఏరి, పచ్చివాటిని వదిలేసి, పది పదిహేను రోజుల తరువాత మళ్ళీ అదే చెట్టు దగ్గరికి రావాలి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియాల పాదుల కింద ఈ మొక్కలు ఉంటాయి కాబట్టి తోటలో మంచు రోడ్డు మీద కంటే ఆలస్యంగా విడుతుంది. ఆరు గంటలకు తోటలోకి దిగితే ఆకుల మీది నీటికి ఒళ్ళంతా తడిసిపోతుంది. అందుకని కోతకు దిగేది ఎనిమిదిన్నర, తొమ్మిది తరువాతే. తెల్లవారుజామున వచ్చి 'పని ఏదీ లేదే' అనుకుని వెళ్ళిపోయినవారిని చాలామందిని చూశాను.

కోసిన పండ్లను ఆ రోజే నీళ్ళలో పోసి తేలినవాటిని తీసేస్తాము, చేత్తో తిప్పే పల్పర్‌లో వేసి పై తొక్క తీస్తాము. అప్పుడు గింజ చుట్టూ జిగురు ఉంటుంది. దాన్ని తొట్టిలో ఒక రోజు, చలి ఎక్కువగా ఉంటే ఇంకా కొన్ని గంటలు ఎక్కువగా పులియబెట్టి కడగాలి. కడగడానికి సమయం అయ్యిందో లేదో గడియారం చెప్పదు. మా అమ్మ ఒక గుప్పెడు గింజలు తీసి రెండు అరచేతుల మధ్య నలుపుతుంది. ఇంకా జారుతుంటే మళ్ళీ మూత పెడుతుంది, గులకరాళ్ళలా గరగరమంటే నీళ్ళు తెమ్మంటుంది. మీ అబ్బాయికి చూపించవలసింది నా ఉద్దేశంలో ఇదే. చేయి పెట్టనిస్తాము కూడా, ముందు శుభ్రంగా కడుక్కోవాలి, అంతే.

కడిగిన తరువాత ఆరబెట్టడం మొదలవుతుంది, మాకు నిద్ర లేకుండా చేసేది అదే. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకల్లా గింజలను కుప్ప చేసి టార్పాలిన్ కప్పాలి, పొద్దున మంచు పూర్తిగా విడిచాక తియ్యాలి. తొందరపడి ఏడింటికే తీస్తే ఆరిన గింజ మళ్ళీ తేమ పట్టి బూజు వాసన వస్తుంది, ఆ వాసన ఎన్ని రోజులు ఎండబెట్టినా పోదు. గింజలో తేమ పది పదకొండు శాతానికి దిగేదాకా ఇదే తంతు. దాదాపు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో శుభ్రమైన గింజ చేతికి వస్తుంది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చాక కప్పు కాఫీకి పేరు పెరిగింది గానీ, టార్పాలిన్ తీసి కప్పే పని మాత్రం తగ్గలేదు.

ఇక ఒక్క విన్నపం. చెట్టు మీది పండైనా సరే, రాలిన పండైనా సరే, గుర్తుగా జేబులో వేసుకుని వెళ్ళవద్దు. మరో తోటలో తిరిగి వచ్చిన సంచులు, చెప్పులు దులిపి రండి. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనబడింది. పండు అడుగున బొడ్డు దగ్గర సూది బెజ్జమంత రంధ్రం చేసి లోపల గింజను తినే పురుగు అది, పండ్లతో పాటే ఒక తోట నుంచి మరో తోటకు చేరుతుంది. రైతు లోపలికి రావద్దంటే అహంకారం అనుకోకండి.

మీరు జనవరిలో, సంక్రాంతికి ముందు రండి. కాఫీ పని జోరుగా ఉంటుంది.

రెండో గేరు (విశాఖపట్నం)

పదహారేళ్ళుగా ఈ ఘాట్‌లో ప్రయాణికులను తీసుకువెళుతున్నాను కాబట్టి ప్రయాణం గురించి రాస్తున్నాను. మీ అబ్బాయికి కడుపులో తిప్పడానికి సగం కారణం మలుపులు, సగం కారణం తెల్లవారుజామున ఖాళీ కడుపుతోనో, పూరీలు తినిపించో బయలుదేరడం. శృంగవరపుకోటలో రెండు ఇడ్లీలు పెట్టించి, ముందు సీటు వెనుక కాకుండా కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దూరంగా కనబడే కొండ వైపు చూడమనండి. ఫోను ఇవ్వకండి.

మంచులో కారు నడపడం అలవాటు లేకపోతే ఘాట్‌ను ఉదయం తొమ్మిది తరువాత ఎక్కి, సాయంత్రం నాలుగు లోపల దిగేలా చూసుకోండి. టైడా దాటాక డముకు, అనంతగిరి వైపు వెళుతుంటే ఒక మలుపు దాకా ఎండ ఉండి, మలుపు తిరగగానే బానెట్ కూడా కనబడనంత మంచు ఎదురవుతుంది. అప్పుడు చాలామంది హెడ్‌లైటు పెద్దది చేస్తారు. అది మంచుకు తగిలి తిరిగి మన కళ్ళల్లోనే పడుతుంది. లైటు కిందికే ఉండాలి, ఫాగ్ లైట్లు ఉంటే వెయ్యాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపవద్దు, బండి కదులుతోందో ఆగిందో వెనుకవాడికి తెలియదు. అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది కాబట్టి గాలిని అద్దం మీదికి తిప్పి, డ్రైవరు పక్క కిటికీ నాలుగు వేళ్ళ మేర దించండి. మంచులో ఎదురుగా వచ్చే లారీ కంటికి కనబడకముందే చెవికి వినబడుతుంది. పాటలు పెట్టుకున్నవారికి వినబడదు. ఎక్కే బండికి దారి ఇవ్వడం ఘాట్ మర్యాద. దిగేటప్పుడు రెండో గేరులో వదలండి, బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగవద్దు. ఫొటో కోసం మలుపులో ఆపేవారి గురించి రాయడం మొదలుపెడితే ఇది ఆగదు, అందుకని వదిలేస్తున్నాను.

అయితే మీ ఇంటిల్లిపాదికీ నేను చెప్పేది రైలే, నా గిరాకీ పోయినా సరే. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజరు ఉదయం బయలుదేరి దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. మీరు శ్రీకాకుళం నుంచి వస్తున్నారు కనుక విశాఖ దాకా పోకుండా కొత్తవలసలోనో, శృంగవరపుకోటలోనో ఎక్కవచ్చు. ఆ రోజుల్లో వేళలు ఎలా ఉన్నాయో ముందే చూసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన మార్గం అది. ఒక సొరంగంలో దూరేటప్పుడు తెల్లటి మంచు ఉంటుంది, అవతలికి వచ్చేసరికి ఎండలో లోయ మొత్తం కనబడుతుంది, మరో సొరంగం దాటితే మళ్ళీ ఏమీ కనబడదు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది, బోర్డు మీద రాసి ఉంటుంది, బాబుకు చూపించండి. 2017లో మొదలైన అద్దాల పెట్టె, విస్టాడోమ్, చలికాలంలో చాలా ముందుగానే నిండిపోతుంది. దొరకకపోతే బాధపడకండి, మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, మంచు వాసన లోపలికి వస్తుంది, అద్దాల పెట్టెలో ఆ రెండూ లేవు. అరకులో దిగాక స్థానికంగా ఆటో మాట్లాడుకోండి.

చోడంబలి (చింతపల్లి)

వ్యవసాయ విస్తరణ పనిలో ఈ కొండల్లో చాలా కాలం తిరిగి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. కొండవాలు గారు కాఫీ గురించి చెప్పినదానికి చేర్చవలసింది లేదు గానీ, జనవరిలో రమ్మనడం దగ్గర ఆయనతో ఏకీభవించలేను. జనవరికి వలిసె పూత అయిపోతుంది. చాలా చేలల్లో గింజ ముదిరి కోతకు వచ్చి ఉంటుంది. ఈ ప్రశ్న అడిగినవారి మనసులో ముందుగా ఉన్నది ఆ వలిసె చేనే కదా. నవంబరు చివరి వారం గానీ డిసెంబరు మొదటి వారం గానీ అయితే పూత ఉంటుంది, కాఫీలో మొదటి విడత కోత ఉంటుంది, వరి, చోడి (రాగి) కోతలు జరుగుతుంటాయి, మంచూ పడుతుంది. తుపాను ఒక్కటి అడ్డం రాకపోతే చాలు.

వలిసె నూనెగింజ పంట. పువ్వు తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టదు, మరో మొక్క పుప్పొడిని తేనెటీగలు మోసుకురావాలి. తెల్లవారుజామున పువ్వులన్నీ మంచుకు తడిసి తల వంచుకుని ఉంటాయి, ఈగ ఒక్కటీ కనబడదు. తొమ్మిదిన్నర దాటి ఎండ తగిలాక గట్టు మీద నిలబడి చూడండి, చేను మొత్తం సన్నగా మూలుగుతున్నట్టు వినబడుతుంది. మనుషులు గుంపులుగా చేలో దిగేది కూడా సరిగ్గా ఆ వేళకే. కొందరు రైతులు ఇప్పుడు దారి పక్క చేలల్లో ఫొటోలకు మనిషికి ఇంత అని తీసుకుంటున్నారు. దానిని వ్యాపారం అని విసుక్కునేవారు విరిగిన మొక్కల లెక్క కూడా వేసుకోవాలి. నా మాటకు వస్తే డబ్బు ఇచ్చినా లోపలికి దిగనవసరం లేదు, గట్టు మీద నుంచి ఫొటో బాగానే వస్తుంది.

అమ్మగారి విషయం. వంజంగిలో మేఘాలు కింద, మనం పైన ఉండాలంటే సూర్యోదయానికి ముందే పైకి చేరుకోవాలి. అంటే చీకట్లో, చలిలో, నిటారు బాటలో నడక. ఆయాసం ఉన్నవారిని, మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని అక్కడికి తీసుకువెళ్ళవద్దు. బొర్రా గుహల మెట్లు కూడా ఆమెకు భారమే. అరకు దగ్గరలోని మాడగడ కొండ మీద నుంచి కూడా లోయలో పరుచుకున్న మంచు కనబడుతుంది, అక్కడ నడక చాలా తక్కువ. ముక్కు, నోరు కప్పేలా ఉన్ని గుడ్డ చుట్టి, ఆమె వాడే మందు చేతి సంచిలోనే ఉంచండి. మరొక ముఖ్యమైన మాట: చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటిని గదిలోకి తెచ్చుకుని తలుపులు బిగించుకుంటారు కొందరు. బొగ్గు వదిలే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. నెగడు ఆరుబయటే ఉండాలి.

పత్రికల్లో రోజూ వచ్చే ఉష్ణోగ్రతల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటిలో తరచుగా కనబడేది మా చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనది. లంబసింగిలో అంతకంటే తక్కువ ఉండవచ్చు, అరకులో ఎక్కువ ఉండవచ్చు. 'మంచు కురుస్తోంది' అన్న శీర్షిక చదివి, కాశ్మీరులో పడే మంచు చూస్తామని పిల్లలను తీసుకువచ్చినవారు నాకు తెలుసు. మన భాషలో రెండింటికీ మంచు అనే మాటే ఉండడంతో వచ్చిన చిక్కు ఇది. బాగా చలి పడిన రోజున గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది, అంతవరకే.

లంబసింగి కోసం ఈ ప్రయాణంలో రోజు కేటాయించవద్దని నా సలహా. అరకు నుంచి పాడేరు మీదుగా చాలా దూరం. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున అక్కడ మంచు కంటే కార్ల పొగ ఎక్కువగా ఉంటోంది. స్ట్రాబెర్రీ తోటలు, పసుపు చూడాలని ఉంటే ఫిబ్రవరిలో నర్సీపట్నం మీదుగా విడిగా ఒకసారి రండి, పసుపు తవ్వి ఉడికించే పని కూడా కనబడుతుంది.

నాగావళి తీరం (శ్రీకాకుళం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. డిసెంబరు మొదటి వారంలో, సోమవారం నుంచి బుధవారం దాకా, రైలులో రావాలని నిర్ణయించుకున్నాము. వంజంగి, బొర్రా, లంబసింగి మూడూ తీసేశాము. మావారు మొదట 'అయితే ఇంకేం మిగిలింది' అన్నారు, కొండవాలు గారి ఉత్తరం చదివి వినిపించాక ఊరుకున్నారు. మొదటి రోజు సాయంత్రం గిరిజన మ్యూజియం, రెండో రోజు పూర్తిగా పొలాలు, తోటలు, మూడో రోజు ఉదయం మాడగడ అనుకుంటున్నాము.

ఒక సందేహం మిగిలింది. తోట చూపించి, పని ఆపుకుని మాతో మాట్లాడిన ఇంటివారికి డబ్బులు ఇవ్వడం మర్యాదగా ఉంటుందా? పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లు తెస్తే బాగుంటుందా? తెలియక మళ్ళీ ఏదో పొరపాటు చేస్తానేమోనని అడుగుతున్నాను.

కొండవాలు (అనంతగిరి మండలం)

చోడంబలి గారు చెప్పిన సమయమే మీకు సరైనది. నేను నా తోట దృష్టితో చెప్పాను. డిసెంబరు మొదటి వారానికి మా దగ్గర రెండో విడత కోత మొదలవుతుంది.

చాక్లెట్లు తేవద్దు. బండి ఆగగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి చేతులు చాచడం కొన్ని ఊళ్ళలో అలవాటయిపోయింది, వాళ్ళ తల్లిదండ్రులకు అది ఎంత చిన్నతనంగా ఉంటుందో వచ్చినవారికి తెలియదు. డబ్బు చేతిలో పెట్టడం కంటే ఆ ఇంట్లో ఉన్నది ఏదైనా కొనుక్కోండి. మిరియాలు, కందులు, చోళ్ళు, ఇంట్లో వేయించిన కాఫీ పొడి ఏదో ఒకటి ఉంటుంది, బేరం ఆడకండి. ఎవరైనా పూట పని మానుకుని మీ వెంట తిరిగితే మాత్రం ఆ పూట కూలి ఎంతో అడిగి ఇవ్వాలి. అంబలి ఇస్తే వద్దనకండి. అమ్మగారికి వేడిగా కావాలంటే చెప్పండి, కాచి ఇస్తారు.

మా ఇంటికి రావాలనుకుంటే రెండో రోజు తొమ్మిదిన్నరకు రండి, అంతకు ముందు వద్దు. అప్పటికి మంచు విడుస్తూ ఉంటుంది, టార్పాలిన్ తీసే వేళ అవుతుంది. రాత్రంతా పేరుకున్న నీళ్ళు గింజల మీద పడకుండా దాన్ని నాలుగు మూలలా ఒకేసారి ఎత్తి పక్కకు మోసుకుపోవాలి. మా ఇంట్లో ఆ వేళకు ఉండేది ముగ్గురమే.